ఒత్తిడి పడింది కొండ మీద, కారణం దొరికింది స్టేషన్లో: ఒక ప్రష్యన్ టి 3 ఇంజన్ కేస్ స్టడీ

నేను జర్మనీలో ఉంటాను. వారమంతా ఉష్ణ పరికరాల డిజైన్ పని చేస్తాను. ఆదివారాలు మాత్రం పాత రైళ్లను కాపాడుకునే ఒక సంఘంలో ఆవిరి ఇంజన్ ఫైర్‌మ్యాన్‌గా, అంటే బొగ్గు వేసి నిప్పూ నీళ్లూ చూసుకునేవాడిగా పనిచేస్తాను. శిక్షణ తీసుకుని, పరీక్ష పాసై ఈ పని మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇక్కడ రాస్తున్నది మా ఇంజన్ మీద రెండు సీజన్ల పాటు నడిచిన ఒక సమస్య గురించి. సంఘం పేరు, ఊరు, ఇంజన్ నంబరు, తోటివాళ్ల పేర్లు రాయడం లేదు. దూరాలు కూడా కొంచెం సర్దాను. కొలతలు మాత్రం మా నోట్‌బుక్‌లో ఉన్నవే.

నేపథ్యం

టి 3 జర్మనీలో చాలా ఊళ్లకు తెలిసిన చిన్న ఇంజన్. 1882లో హెన్షెల్ కంపెనీ మొదటివి తయారు చేసి ఇచ్చింది. తర్వాత 1910 దాకా రకరకాల ఫ్యాక్టరీలు కడుతూ వచ్చాయి. ప్రష్యా (అప్పటి జర్మనీలో అతి పెద్ద రాజ్యం) ప్రభుత్వ రైల్వే ఒక్కటే 1,300కు పైగా కొన్నది. మూడు జతల చక్రాలు, మూడింటినీ కలిపే కడ్డీలు, 1,100 మి.మీ. చక్రం, 350 మి.మీ. వ్యాసం 550 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న రెండు సిలిండర్లు, 12 బార్ల ఒత్తిడితో పనిచేసే బాయిలర్. ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ లేదు. వెనక టెండర్ ఉండదు కాబట్టి నీళ్లూ బొగ్గూ తనే మోసుకుపోవాలి. నీళ్లు పక్క ట్యాంకుల్లో కాకుండా కింద ఫ్రేమ్ పలకల మధ్య ఉన్న తొట్టిలో ఉంటాయి, సుమారు 4 ఘనపు మీటర్లు. వేగం గంటకు 40 కి.మీ. దాటదు.

మొదట్లో వీటిని బ్రాంచి లైన్ల మీద చిన్న రైళ్లు లాగడానికి తీసుకున్నారు. రైళ్లు బరువెక్కాక ఇవి యార్డుల్లోకి, షంటింగ్‌లోకి జరిగాయి. 1925లో రైక్స్‌బాన్ (జర్మనీ జాతీయ రైల్వే) ఇంజన్లన్నిటికీ కొత్త నంబర్లు వేసినప్పుడు వీటిలో 511 ఇంజన్లకు 89 7001 నుంచి 89 7511 దాకా నంబర్లు వచ్చాయి. చాలా ఇంజన్లు ఫ్యాక్టరీలకూ ప్రైవేటు లైన్లకూ అమ్ముడుపోయి అక్కడే ముసలివయ్యాయి. మా ఇంజన్ కూడా అలాంటిదే. దాని జీవితంలో ఎక్కువ భాగం ఒక ఫ్యాక్టరీ యార్డులో వ్యాగన్లు నెట్టడంలోనే గడిచింది.

ఈ కేసు అర్థం కావాలంటే షంటింగ్ పని ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. నాలుగు వ్యాగన్లను ఒక్క ఊపులో నెట్టాలి, ఆగాలి, కప్లింగ్ విప్పేదాకా నిలబడాలి, మళ్లీ ఇంకో ఊపు. ఆవిరి ఒక్కసారిగా కావాలి, కానీ అర నిమిషమే. మిగతా సమయమంతా బాయిలర్ కోలుకుంటుంది. అందుకే బాయిలర్ చిన్నదైనా పని సాగిపోతుంది. టి 3 బాయిలర్‌లో వేడి తగిలే ఉపరితలం దాదాపు 60 చదరపు మీటర్లు, నిప్పు ఉండే గ్రేట్ (ఇనప కడ్డీల జాలీ) విస్తీర్ణం 1.35 చదరపు మీటర్లు.

మేం దీనికి ఇచ్చిన పని వేరు. ఒక లోయలో 9 కి.మీ. లైను. కింది స్టేషన్ నుంచి పైకి మూడు పాత రెండు ఇరుసుల పెట్టెలతో వెళ్లాలి. మొదటి 2 కి.మీ. దాదాపు సమతలం, ఆ తర్వాత ఎక్కువ భాగం 50కి 1 ఎత్తు. అంటే 20 నిమిషాల పాటు ఊపిరి తీసుకోకుండా లాగడం. తర్వాత కిందికి దిగి వచ్చి, ఇంజన్‌ను రైలు అటు చివరికి మార్చుకుని, దాదాపు 40 నిమిషాలు నిలబడి, మళ్లీ పైకి. రోజుకు మూడు ట్రిప్పులు.

సమస్య

మొదటి సీజన్ అంతా రూర్ ప్రాంతపు పాత బొగ్గు నిల్వ మీద నడిపాం. ఎత్తు మీద ఒత్తిడి 10 బార్లకు తగ్గేది కాదు. జర్మనీలో చివరి నల్లబొగ్గు గని, బొట్రోప్‌లోని ప్రోస్పర్-హానియల్, 2018 డిసెంబర్‌లో మూతపడింది. పాత నిల్వలు అయిపోయాక మాలాంటి సంఘాలన్నీ దిగుమతి బొగ్గు వెతుక్కోవాల్సి వచ్చింది. 2022 ఆగస్టులో రష్యా బొగ్గు మీద యూరోపియన్ యూనియన్ నిషేధం అమల్లోకి వచ్చాక ఉన్న దారుల్లో ఒకటి మూసుకుపోయింది. దొరికింది తెచ్చుకోవడమే, ఎంచుకునే వీలు తక్కువ.

మాకు వచ్చిన కొత్త బొగ్గులో వాయువులు ఎక్కువ, మంట పొడుగు, పొగ నలుపు. గడ్డలు పిడికిలంత ఉంటాయన్నారు గానీ దాదాపు మూడో వంతు పొడే.

ఈ బొగ్గుతో మొదలైన రెండో సీజన్ నాలుగో ఆదివారం రెండో ట్రిప్పులో 6వ కి.మీ. దగ్గర ఒత్తిడి 7 బార్లకు పడింది. ఈ స్థితి ఎందుకు భయపెడుతుందో చెప్పాలి. ఇంజన్ లాగుతున్నంతసేపూ నీళ్లు తగ్గుతుంటాయి. బాయిలర్‌కి నీళ్లు పంపే ఇంజెక్టర్ తెరిస్తే చల్లటి నీళ్లు బాయిలర్‌లోకి వెళ్లి ఒత్తిడి ఇంకా పడుతుంది. తెరవకపోతే నీటిమట్టం ఫైర్‌బాక్స్ (నిప్పు మండే గది) పైకప్పు వైపు దిగుతుంది, ఆ పైకప్పు నీళ్లలో మునిగి లేకపోతే పెద్ద ప్రమాదం. ఒత్తిడి కోసం నీళ్లను పణంగా పెట్టడం ఏ ఫైర్‌మ్యానూ చెయ్యకూడని పని. కాబట్టి మేం ఆ రోజు రైలు ఆపేశాం. పిల్లలతో వచ్చిన కుటుంబాలు కిటికీల్లోంచి తొంగి చూస్తుండగా 20 నిమిషాలు నిలబడి, పొగగొట్టంలోకి ఆవిరి చిమ్మి నిప్పుకి గాలి లాగే బ్లోయర్ తెరిచి, నిప్పు లేపి, నీళ్లు పోసుకుని కదిలాం. చేతిలో పార పట్టుకుని ప్రెజర్ గేజ్ వైపే చూస్తూ నిలబడ్డ ఆ 20 నిమిషాల టెన్షన్ నాకింకా గుర్తుంది.

తర్వాతి మూడు ఆదివారాల్లో ఇంకో రెండు సార్లు ఇదే జరిగింది. సాయంత్రం నిప్పు దించితే గ్రేట్ వెనక భాగం మీద క్లింకర్ పలక కనిపించేది. బూడిద కరిగి, ముద్దకట్టి, గాజులా గట్టిపడితే దాన్ని క్లింకర్ అంటారు. మా పలక 4-5 సెం.మీ. మందాన, గ్రేట్‌లో దాదాపు సగాన్ని కప్పేసి ఉండేది. గాలి రావలసిన దారి అంతా మూసుకుపోయినట్టే.

మొదటి ప్రశ్న: ఈ పని అసలు ఈ ఇంజన్‌కి మించినదా?

సంఘంలో అప్పటికే రెండు అభిప్రాయాలు వచ్చాయి. బొగ్గు పనికిరాదని కొందరు, షంటింగ్ ఇంజన్‌తో కొండ ఎక్కించడమే తప్పని కొందరు. రెండోది నిజమైతే మిగతా వెతుకులాటంతా వృథా. అందుకే ముందు లెక్క వేశాను.

చక్రం ఒక్కసారి తిరిగితే రెండు సిలిండర్లు కలిపి నాలుగు సార్లు ఆవిరి తీసుకుంటాయి. ఒక్కో స్ట్రోకు పూర్తి పరిమాణం 53 లీటర్లు. కట్-ఆఫ్ 40 శాతం దగ్గర పెడితే, అంటే స్ట్రోకులో 40 శాతం వరకే ఆవిరి లోపలికి రానిచ్చి మిగతాది దాని వ్యాకోచానికే వదిలేస్తే, ఒక చుట్టుకు 85 లీటర్లు. గంటకు 25 కి.మీ. వేగంలో చక్రం నిమిషానికి 120 చుట్లు తిరుగుతుంది, అంటే నిమిషానికి 10 ఘనపు మీటర్ల ఆవిరి. సిలిండర్ దగ్గర 8 బార్ల ఒత్తిడి అనుకుంటే అది గంటకు 2.8 టన్నులు. సూపర్‌హీటర్ లేదు కాబట్టి సిలిండర్ గోడల మీద కొంత ఆవిరి నీరైపోతుంది. దానికి పావు వంతు కలిపితే 3.5 టన్నులు.

బాయిలర్ ఎంత ఇవ్వగలదు? జర్మన్ రైల్వేలో పాతకాలం నుంచీ వాడే కొలమానం ఒకటుంది: ఉపరితలం చదరపు మీటరుకు గంటకు 57 కిలోల ఆవిరి. 60ని 57తో గుణిస్తే 3.4 టన్నులు.

అంటే పని సరిగ్గా అంచు మీద ఉంది. ఇంజన్‌కి మించినది కాదు, కానీ ఎక్కడా వదులు లేదు. నిప్పు సరిగ్గా మండితే పైకి చేరుతుంది, గ్రేట్ పావు వంతు మూసుకుపోయినా చేరదు. మొదటి సీజన్‌లో ఈ అంచు మాకు కనిపించలేదు, ఎందుకంటే మంచి బొగ్గు దాన్ని కప్పి ఉంచింది. ఈ లెక్క తర్వాత నేను మిగతావాళ్లకు చెప్పింది ఒకటే: లోడు తగ్గించే నిర్ణయం ఇప్పుడే వద్దు, ముందు నిప్పు సంగతి చూద్దాం.

చేసి చూసినవి, ఫలించనివి

మొదట స్మోక్‌బాక్స్. పొగగొట్టం కింద ఉండే ఆ గదిలోకి ఎక్కడైనా బయటి గాలి దూరితే గ్రేట్ మీద పీల్పు, అంటే నిప్పులోంచి గాలిని లాగే బలం, తగ్గిపోతుంది. చవకగా, త్వరగా తేలే కారణం కాబట్టి ముందు దీన్నే చూశాం. తలుపు అంచు చుట్టూ వెలిగించిన కొవ్వొత్తి తిప్పితే ఒక చోట మంట లోపలికి వంగింది. సీలింగ్ మార్చాం. బాయిలర్ ట్యూబుల్లో మసి కూడా బాగా పట్టింది, శుభ్రం చేశాం. ఒత్తిడి అర బారు మెరుగైంది. ఇవి చెయ్యాల్సిన పనులే, కానీ జబ్బు ఇవి కాదు.

రెండోది డ్రైవింగ్. మా డ్రైవర్లలో ఒకరు కట్-ఆఫ్ 40 దగ్గర పెట్టి, సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటర్ బాగా తెరిచి నడిపేవారు. ఇంకొకరు 55-60 దగ్గర ఉంచి రెగ్యులేటర్‌తో సర్దుకునేవారు, యార్డు అలవాటు. ఇద్దరి ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే 40 డ్రైవర్ దగ్గర ఒత్తిడి తక్కువ పడింది, కానీ పడింది. రెండో డ్రైవర్‌కి ఈ లెక్క కాగితం మీద చూపించాను. ఆయన వయసు డెబ్బై దాటింది, నా కంటే ముప్పై ఏళ్లు ఎక్కువ అనుభవం. కాగితం రెండు సార్లు చదివి, "మీరు చెప్పినట్టు ఒకసారి నడిపి చూస్తాను" అన్నారు. నడిపారు, ఆ తర్వాత మానలేదు. దానివల్ల మా అంచు కాస్త వెడల్పయింది. క్లింకర్ మాత్రం అలాగే వచ్చింది.

మూడోది నా తప్పు. సిలిండర్లలో వాడిన ఆవిరి పొగగొట్టంలోకి దూకే నాజిల్‌ను సన్నం చేస్తే పీల్పు పెరుగుతుంది. పాతకాలంలో ఫైర్‌మ్యాన్లు నాజిల్ నోటికి అడ్డంగా ఒక ఇనప ముక్క పెట్టేవారు. కొత్త బొగ్గుకి ఎక్కువ గాలి కావాలి కదా అనుకుని, ఆపరేషన్స్ బాధ్యుడి రాతపూర్వక అనుమతితో తాత్కాలికంగా అలాంటి అడ్డు పెట్టమని నేనే చెప్పాను. మొదటి ట్రిప్పు అద్భుతంగా సాగింది, 11 బార్లు. రెండో ట్రిప్పులో మునుపటికంటే ఘోరం. పీల్పు పెరగడంతో పొడి బొగ్గు మండకుండానే ఎగిరి స్మోక్‌బాక్స్‌లో పడింది. నిప్పు పల్చగా ఉన్న ముందు భాగంలో బొక్కలు పడి అక్కడ చల్లగాలి దూరింది. క్లింకర్ కట్టిన వెనక భాగంలో మాత్రం ఎంత పీల్చినా గాలి రాలేదు. పైగా పొగగొట్టంలోంచి నిప్పురవ్వలు. ఎండాకాలం, పక్కన ఎండుగడ్డి. ఆ సాయంత్రమే అడ్డు తీసేశాం. గాలి సమంగా పంచుకోని గ్రేట్ మీద పీల్పు పెంచితే ఉన్న అసమానతే పెరుగుతుంది. ఇది నాకు ముందే తట్టాల్సింది, నేను చదువుకున్న శాస్త్రమే అది.

నాలుగోది, చాలామంది ఫైర్‌మ్యాన్లు సహజంగా చేసేది: పొడుగాటి ఇనప కడ్డీతో నిప్పును కింది నుంచి కదిపి క్లింకర్ విరగ్గొట్టడం. మేం ప్రతి 10 నిమిషాలకూ కదిపాం. కదిపినకొద్దీ పలక పెద్దదైంది. కారణం తర్వాత అర్థమైంది. బూడిద గ్రేట్ కడ్డీల పక్కన ఉన్నంతసేపు కింది నుంచి వచ్చే గాలి దాన్ని చల్లగా ఉంచుతుంది. కదిపితే అది నిప్పు మధ్యలోకి, అన్నిటికంటే వేడి చోటికి చేరి కరుగుతుంది. కరిగింది మళ్లీ కిందికి జారి కడ్డీల మీద గడ్డకడుతుంది.

మలుపు

అప్పటిదాకా మా నోట్‌బుక్‌లో ప్రతి కి.మీ. రాయి దగ్గరా మూడు అంకెలు రాసేవాళ్లం: ఒత్తిడి, నీటిమట్టం, కట్-ఆఫ్. రైలు కదిలాక మొదలై పైకి చేరాక ముగిసే అంకెలు. సమస్య ఎత్తు మీద కనిపిస్తోంది కాబట్టి ఎత్తు మీదే కొలిచాం.

జూలైలో ఒక ఆదివారం పై స్టేషన్లో ఏదో ఆలస్యమై మేం కిందికి దాదాపు అరగంట లేటుగా వచ్చాం. 40 నిమిషాలు నిలబడాల్సిన చోట 12 నిమిషాల్లోనే బయల్దేరాలి. నేను కంగారు పడ్డాను. మామూలుగా ఆ 40 నిమిషాల్లోనే కొండ కోసం నిప్పు సిద్ధం చేసేవాళ్లం: మందంగా బొగ్గు వేసి, డ్యాంపర్ (గ్రేట్ కిందికి గాలి వదిలే తలుపు) మూసి, నిదానంగా రాజుకోనిచ్చేవాళ్లం. ఆ రోజు అదేమీ కుదరలేదు. పల్చని నిప్పుతో, 9 బార్లతో బయల్దేరి, దారిలోనే కొంచెం కొంచెంగా వేస్తూ పోయాను. 6వ కి.మీ. దగ్గర 10.5 బార్లు. ఆ సీజన్‌లో అడ్డు పెట్టిన ఆ ఒక్క ట్రిప్పు తప్ప అంత మంచి అంకె రాలేదు. సిద్ధం చేసుకోని ట్రిప్పే బాగా నడిచింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి నోట్‌బుక్ మళ్లీ చూశాను. మొదటి ట్రిప్పులు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. పడిపోయినవన్నీ రెండోది, మూడోది. అంటే పొడుగాటి నిలుపు తర్వాతవి. ఆ నిలుపులో మేం ఏం చేశామో ఒక్క అంకె కూడా మా దగ్గర లేదు, ఎందుకంటే నిలబడటం మా లెక్కలో పని కాదు.

నిలబడ్డప్పుడు నిప్పులో ఏం జరుగుతోంది

డ్యాంపర్ మూస్తే గ్రేట్ కింది నుంచి గాలి ఆగిపోతుంది. మంట తగ్గుతుంది, ఒత్తిడి పెరగదు, సేఫ్టీ వాల్వ్ లేవదు. అందుకే మూసేవాళ్లం. కానీ ఆ గాలే కడ్డీలను చల్లబరిచేది కూడా. గాలి ఆగితే కడ్డీలు వేడెక్కుతాయి, వాటి మీది బూడిద కూడా వేడెక్కుతుంది. పైన మందంగా కొత్త బొగ్గు ఉంటే నిప్పు లోపల ఆక్సిజన్ కరువవుతుంది. బూడిదలో ఇనుము ఉన్న బొగ్గుకి ఇది చాలా చెడ్డ స్థితి. ఆక్సిజన్ తక్కువైన చోట ఇనప ఆక్సైడు ఇంకా తక్కువ వేడికే తక్కిన బూడిదను కరిగించేస్తుంది. మా కొత్త బొగ్గు బూడిద ఎర్రగా ఉండేది, అంటే ఇనుము బాగా ఉందన్నమాట. పాత బొగ్గు బూడిద దాదాపు తెల్లగా ఉండేది.

కాబట్టి పలక కొండ మీద తయారవలేదు. కింది స్టేషన్లో, ప్రయాణికులు ఐస్‌క్రీమ్ తింటూ ఇంజన్‌కి ఫోటోలు తీసుకుంటున్న ఆ 40 నిమిషాల్లో, మా కళ్ల ముందే తయారైంది. కొండ మీద ఎక్కువ గాలి కావాల్సి వచ్చినప్పుడు అది బయటపడింది, అంతే.

మా పాత పద్ధతి అర్థం లేనిదని అనడం లేదు. మందంగా వేసి నిదానంగా రాజుకోనివ్వడం వెనక మంచి కారణాలున్నాయి. స్టేషన్ ఊరి మధ్యలో ఉంది. బయల్దేరేముందు కొత్త బొగ్గు వేస్తే నల్లటి పొగ వస్తుంది, ఇళ్లవాళ్లు ఫిర్యాదు చేస్తారు. ముందే వేస్తే బయల్దేరేసరికి పొగ పోతుంది. సేఫ్టీ వాల్వ్ లేస్తే చిన్నపిల్లలు జడుసుకుంటారు, నీళ్లు వృథా. పాత బొగ్గుకి ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. బొగ్గు మారింది, పద్ధతి మారలేదు.

ఇక్కడ నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయన బిట్రగుంట లోకో షెడ్‌లో ఫైర్‌మ్యాన్. మన బొగ్గులో బూడిద ఎక్కువ. అందుకే 1920లలో మన దేశం కోసం గీసిన ఎక్స్‌ఏ, ఎక్స్‌బి, ఎక్స్‌సి ఇంజన్లకు వెడల్పాటి ఫైర్‌బాక్సులు పెట్టారు. ఆ తర్వాత వచ్చిన డబ్ల్యూజి గూడ్స్ ఇంజన్ గ్రేట్ మా టి 3 గ్రేట్‌కి మూడు రెట్లకు పైనే. అక్కడ డిజైన్ చేసినవాళ్లే బొగ్గును ముందే లెక్కలోకి తీసుకున్నారు. టి 3 గీసినవాళ్ల ముందున్నది మంచి బొగ్గు. ఫ్రేమ్ మధ్య ఇరుకున కూర్చున్న దాని ఫైర్‌బాక్స్‌ను ఇప్పుడు మనం వెడల్పు చెయ్యలేం. మారగలిగింది మా చేతులు మాత్రమే.

పనిచేసింది

కొత్త పద్ధతి పెట్టేముందు దాన్ని పరీక్షించాలని పట్టుబట్టాను. నాజిల్ విషయంలో ఒక్క మంచి ట్రిప్పు చూసి మోసపోయాను కాబట్టి ఈసారి తొందరపడదలచుకోలేదు. నాలుగు ఆదివారాలు. అదే బొగ్గు, అవే మూడు పెట్టెలు, అదే డ్రైవర్, ఫైర్‌మ్యాన్ నేనే. రెండు వారాలు పాత పద్ధతి, రెండు వారాలు కొత్తది, ఒకటి విడిచి ఒకటి. పాత పద్ధతి వారాల్లో రెండో ట్రిప్పు అతి తక్కువ ఒత్తిడి 7.4, 7.8. కొత్త పద్ధతి వారాల్లో 9.7, 10.1. నాలుగు అంకెలతో శాస్త్రం రాయలేం, కానీ సాయంత్రం దించిన క్లింకర్ చూస్తే అనుమానం మిగల్లేదు: కొత్త పద్ధతి రోజుల్లో అరచేతి సైజు ముక్కలు, కడ్డీలకు అంటుకోకుండా.

కొత్త పద్ధతి ఇది. కిందికి దిగేటప్పుడు చివరి 3 కి.మీ. బొగ్గు వెయ్యం, స్టేషన్‌కి పల్చని నిప్పుతో వస్తాం. నిలబడ్డంతసేపూ ముందువైపు డ్యాంపర్ కొద్దిగా తెరిచే ఉంచుతాం, కడ్డీల మధ్య గాలి కదులుతూ ఉండాలి. దానితో ఒత్తిడి పెరుగుతుంది కదా, సేఫ్టీ వాల్వ్ లేవకుండా ఎలా? నీళ్లతో. బాయిలర్‌లో చోటు మిగిలేలా వచ్చి, నిలబడ్డప్పుడు ఇంజెక్టర్‌తో కొంచెం కొంచెంగా నింపుతాం. ఆ వేడి ఆవిరై బయటికి పోకుండా నీళ్లలో దాచుకుంటుంది, కొండ మీద అదే అక్కరకొస్తుంది.

ఈ చోటు మిగుల్చుకోవడం దగ్గర మాత్రం చాలా జాగ్రత్త కావాలి. మా ఇంజన్ పొగగొట్టం ఎప్పుడూ కొండ వైపే ఉంటుంది. వాలు మీద నీళ్లు వెనక్కి, క్యాబ్ వైపు చేరి గ్లాసులో (నీటిమట్టం చూపే గాజు గొట్టంలో) మట్టం ఎక్కువ చూపిస్తుంది. సమతలానికి రాగానే అది పడుతుంది. వాలు మీద గ్లాసు చూసి "చాలు" అనుకుంటే కింద చిక్కులో పడతాం. అందుకే వాలు మీద సగం గ్లాసుకు తగ్గకూడదని రాసిపెట్టుకున్నాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ ఒక్క వాక్యం ముందు నేర్పి, తర్వాతే మిగతాది చెబుతాం.

బయల్దేరే 5 నిమిషాల ముందు నుంచి రెండేసి పారలు, పల్చగా, వెనక మూలలకు. వేశాక ఫైర్‌బాక్స్ తలుపు రెండు వేళ్ల సందు తెరిచి, బ్లోయర్ కొంచెం తిప్పి అర నిమిషం ఉంచుతాం. ఈ బొగ్గులో మండే శక్తిలో పెద్ద భాగం వాయువుల్లోనే ఉంది. వాటికి పై నుంచి గాలి అందకపోతే నల్లటి పొగై పోతాయి, ట్యూబుల్లో మసై పడతాయి. తలుపు సందు ఇవ్వడం మొదలుపెట్టాక స్టేషన్లో పొగ పాత పద్ధతికంటే తగ్గింది. ఇది నేను ఊహించలేదు. ఇళ్లవాళ్ల ఫిర్యాదుకి భయపడి పెట్టుకున్న అలవాటు వదిలేస్తే ఫిర్యాదులే తగ్గాయి.

ఇవి కాక రెండు చిన్న పనులు: ఉదయం నిప్పు రాజేసేముందు గ్రేట్ మీద పగలగొట్టిన ఫైర్‌బ్రిక్ (నిప్పుకి తట్టుకునే ఇటుక) ముక్కలు పల్చగా పరుస్తాం, కరిగిన బూడిద ఇనుముకి అంటుకోదు. బొగ్గును జల్లెడ పట్టి పొడిని వేరు చేస్తాం. జల్లెడ పట్టడం శనివారం మధ్యాహ్నం ఇద్దరి నడుములు విరిచే పని, అయినా మానలేదు. కడ్డీ పెట్టి కదపడం మాత్రం పూర్తిగా ఆపేశాం.

దీన్నుంచి మేం మార్చుకున్నవి

నోట్‌బుక్‌లో ఇప్పుడు నిలుపుకి కూడా ఒక పేజీ ఉంది: ఎన్ని నిమిషాలు, డ్యాంపర్ ఎంత, ఎన్ని పారలు, వచ్చినప్పుడూ బయల్దేరేటప్పుడూ ఒత్తిడి, నీళ్లు. ఈ కేసులో నేను అన్నిటికంటే విలువ ఇచ్చేది ఈ పేజీకే. మొదటి నుంచీ అది ఉండి ఉంటే మే నెలలోనే విషయం తేలేది, రైలు మూడు సార్లు కొండ మీద ఆగేది కాదు.

ఒకేసారి రెండు మార్పులు చెయ్యకూడదని కూడా ఒప్పుకున్నాం. స్మోక్‌బాక్స్ సీలింగ్, ట్యూబుల శుభ్రం ఒకే వారంలో చేశాం కాబట్టి ఆ అర బారు దేనివల్ల వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను.

నాలుగు పెట్టెల ప్రశ్న ఇంకా తేలలేదు. పండగ రోజుల్లో నాలుగో పెట్టె తగిలించమని టికెట్లు అమ్మేవాళ్లు అడుగుతారు. లెక్క ప్రకారం అది అంచు దాటుతుంది. రెండు సార్లు చల్లటి ఉదయాల్లో మొదటి ట్రిప్పుకి తీసుకెళ్లాం, చేరాం. రెండో ట్రిప్పుకి నేను ఒప్పుకోలేదు.

ఈ వసంతంలో ఇంకో కొత్త లోడు వచ్చింది, మళ్లీ వేరే చోటు నుంచి. దించిన రోజే ఒక బకెట్ బొగ్గు తీసి వర్క్‌షాప్ పొయ్యిలో పూర్తిగా కాలనిచ్చి బూడిద చూశాం. పోయినసారి అంత కాదు గానీ ఇదీ ఎరుపే. ఫైర్‌బ్రిక్ ముక్కలు రెండు డ్రమ్ములు పగలగొట్టి పెట్టాం. టైమ్‌టేబుల్ వేసేవాళ్లతో మాట్లాడి కింది స్టేషన్ నిలుపును 40 నిమిషాల నుంచి 25కి తగ్గించాం.